నా మొదటి స్తుతి

ఆ ఆదివారం ఇంట్లో నలుగురం ఉన్నాం: నాన్న, మామ్మ, మంచం మీద అమ్మ, నేను. మా ఇంట ప్రార్థనలో ఒక్కొక్కరూ ఒక స్తుతి చెప్పాలి. నేనెప్పుడూ ఆమేన్ దగ్గరే ఆగిపోతాను.

"ఈ గుంట ఇయ్యాలైనా నోరిప్పుతాదేటి?" అంది మామ్మ.

డుంబ్రిగుడ సంతలో మిరపకాయలు పొట్లం కట్టిన పేపరు ముక్క నా బైబిల్లో ఉంది. అందులోని వార్త తలుచుకుని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, శాస్త్రవేత్తలకు కొత్త ప్రోటీన్ చూపించినందుకు స్తోత్రం. దానితో క్యాన్సర్‌ని ముందే కనిపెట్టొచ్చట, మందూ చేయొచ్చట. అది మా అమ్మకి బేగి అందించు."

ఎవరూ ఆమేన్ అనలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మకు మేం చెప్పింది మామూలు గడ్డ అని.

కళ్లు తెరిచేసరికి అమ్మ నాన్నను చూస్తోంది. నాన్న నేలను చూస్తున్నాడు.

"ఆ మందు ఎప్పుడొస్తాదే, సోఫియా?" అంది అమ్మ.

ప్రార్థన ఇంకా ముగియలేదు. అబద్ధమాడలేకపోయాను.

"పదేళ్లు పట్టొచ్చని రాశారమ్మా."

అమ్మ నా తల నిమిరింది. "మా అమ్మా ఇలాంటి గడ్డతోనే పోయింది. ఆ కాయితం పారీకు. నీకోసం దాచుకో."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. నాన్న లేచి, దాచమన్నది బయటపెట్టినందుకు నన్ను అరుగు మీదకు పంపించి, తలుపు వేశాడు.