పత్తి పుస్తకంలో పిల్ల

దేవసూగూరు చుట్టుపక్కల దయ్యానికి భయపడని మొగోడు ఒక్కడే ఉన్నాడు. అది నేనే. అందుకని ఈ కథ నేనే చెప్పాలి.

మాది కృష్ణ ఒడ్డు ఊరు. నెలకోసారి రాయచూరు నుంచి పుస్తకాల బండి వచ్చేది. పాత వ్యాను. సీట్లు పీకేసి అల్మారాలు పెట్టారు. కన్నడం, తెలుగు, ఉర్దూ అన్నీ ఉండేవి. వెంట వచ్చేది యమనూరప్ప ఒక్కడే.

ఓనాడు శరణమ్మ వచ్చి ఆ బండి మెట్టు మీద కూర్చుంది.

శరణమ్మ కూతురు పావని చాలా ఏళ్ళ కింద ఏటికి బట్టలుతకడానికి పోయింది. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

యమనూరప్ప అద్దాలు తుడుస్తుంటే ఆమె ఏదేదో మాట్లాడుతూనే ఉంది. చివరికి అంది:

"నాకు చదువు రాదు తమ్మీ. ఏదన్న చదివి ఇనిపించరాదూ."

ఆయన చేతికందిన పచ్చట్ట పుస్తకం తీశాడు.

"ఒక పిల్ల ఏట్ల కొట్టుకపోయింది. పోయి పోయి అవతలి గడ్డకు తేలింది..."

శరణమ్మ ఆయన దగ్గరకు జరిగింది.

బండి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల కొంచెం పెద్దదయ్యేది. అవతలి గడ్డన ఒక ముసలమ్మ చేరదీసింది. బడికి పంపింది. జడకు ఎర్ర రిబ్బను. ఎడమచేత్తో రాస్తుంది.

నిలబడి వింటున్న వాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పావనిది ఎడమచేతి వాటమే.

డిగ్రీ చదివే సుమంగళ ఓసారి ఆ పచ్చట్ట పుస్తకం ఇంటికి తీసుకుపోయింది. పొద్దుగూకక ముందే రచ్చకట్ట దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"సూగప్ప తాతా, ఇది పత్తి పురుగుల పుస్తకం! పిల్ల ఎక్కడా లేదు!"

"సరిగ్గ చూసినవా?" అన్నాను.

"అట్ట నుంచి అట్ట దాక చూసిన. ఆయన చదివితెనే వస్తది. మనం చదివితె మాయమైతది."

నమ్మనివాళ్ళకు ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్లో చూపింది. అన్నీ పురుగులే.

ఆనాటి నుంచి ఏటివైపు కిటికీలు ఎవరూ తెరవలేదు. తల్లులు ఆడపిల్లల జడలకున్న ఎర్ర రిబ్బన్లు విప్పేశారు.

"పుస్తకంల చేరిందిరా," అన్నాడు పెద్దమనిషి అమరేశప్ప. "సూగప్పా, నీకు దయ్యమంటె భయం లేదంటివి గద. దాన్ని నీ ఇంట్ల పెట్టుకో, బండి వచ్చిందాక."

"స్నానం చెయ్యలేదన్నా ఇంకా, మైలతోటి దాన్నెట్ల ముట్టేది?" అన్నాను.

మరునాడూ అడిగాడు. మరునాడూ అదే చెప్పాను. బండి వచ్చేదాకా నేను స్నానం చెయ్యలేదు.

బండి వచ్చింది. అమరేశప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఇంక మా ఊరికి రావద్దు."

"ఏమైందన్నా?"

"నీ పుస్తకంల చచ్చిన పిల్ల తిరుగుతుంది."

యమనూరప్ప ఏదో చెప్పబోయాడు. అంతలో మెట్టు దగ్గర శరణమ్మ కనిపించింది. నోరు మూసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆమె కిటికీ పట్టుకుంది. "తమ్మీ, ఒక్క మాట చెప్పి పో. నా బిడ్డ పరీక్ష రాసె గద. ఏమాయె?"

"ఫస్టు క్లాసుల పాసయిందక్కా."

బండి కదిలింది. మళ్ళీ రాలేదు.

ఊళ్ళోనే ఉండిపోయిన పుస్తకాన్ని వేపాకులతో మూటగట్టి సుమంగళే రాయచూరు తీసుకుపోయింది. సంగతి విని అక్కడి లైబ్రరీ గుమాస్తా నవ్వాడు.

"చదివిండా? ఆయన డ్రైవరమ్మా! జీతానికి వేలిముద్ర ఏసెటోడు."

"ఇప్పుడు ఏడున్నడు?"

"బండి మూలకు పడ్డది. ఇంక పని లేదంటిమి. ఎటో పోయిండు."

సుమంగళ బస్సు దిగి నేరుగా శరణమ్మ దగ్గరకు పోయింది. వెనకాలే నేనూ.

"పెద్దమ్మా, ఆయనకు చదువే రాదంట! పుస్తకంల పిల్లే లేదు!"

"తెలుసు," అంది శరణమ్మ. "పత్తి చెట్టు బొమ్మ వేర్లు పైకి పెట్టి చదువుతుండె. చేన్లె పుట్టి పెరిగినదాన్ని, నాకు తెల్వదా? రిబ్బను సంగతి, ఎడమచెయ్యి సంగతి నేను చెప్పినవే."

"మరి ఎందుకు ఇంటుంటివి?"

"మీరందరు నా బిడ్డ పోయిందని చెప్పినోళ్ళే. ఎంత పెద్దగైందో చెప్పినోడు ఆయనొక్కడే."

ఇప్పుడామె రోజూ ఏటి ఒడ్డున కూర్చుని అవతలి గడ్డ చూస్తుంటుంది. పాసైన పిల్ల తర్వాత ఏం చేసిందో ఆమెకు తెలియాలి. ఇన్ని కోతలు కోసే నాకు కూడా అది చెప్పడానికి నోరు రాదు.

ఇందులో నువ్వు కల్పించింది ఏంది అంటారా? ఒక్కటే.

యమనూరప్ప అన్న పేరు. ఆయన వచ్చినన్నాళ్ళూ, నీ పేరేందని మా ఊళ్ళో ఒక్కరం కూడా అడగలేదు.