నాలుగు మిషన్ల పేదవాడు

చండ్రుగొండ టైలరు వీరభద్రానికి ఒక్క పూట పేదరికం కావలసి వచ్చింది. కొడుకు కాలేజీ స్కాలర్‌షిప్పుకు ఆదాయం సర్టిఫికెట్ కావాలి. విచారణకు తహసీల్దారు ఆఫీసు నుంచి కొత్త గిర్దావర్ వస్తున్నాడు. వీరభద్రం కొట్టుకు తాళం వేసి, నాలుగు కుట్టు మిషన్లనూ పక్కింటి జంపక్క గుడిసెలో పెట్టించి, చిరిగిన బనీను తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు.

"కూలి చేసుకుంట బతుకుతున్న సార్" అంటూ గొంతు కూడా వణికించాడు, మహానటుడు. గిర్దావర్ జాలిపడి రాసుకున్నాడు.

రాసుకుని నేరుగా జంపక్క గుడిసెలోకి వెళ్లాడు. అడవిలో బీడీల తునికాకు కోసి బతికే ఆమె కూడా బిడ్డ స్కాలర్‌షిప్పుకు అర్జీ పెట్టింది. ఆమె బిడ్డకూ చదువుంటుందని, వెనకే పరుగెత్తిన వీరభద్రానికి అంతదాకా తట్టనే లేదు.

"ఇన్ని మిషన్లు పెట్టుకొని స్కాలర్‌షిప్పా? ఎవరియి ఇవి?"

జంపక్క వీరభద్రం వైపు చూసింది. గిర్దావరూ చూశాడు.

"ఆమె మిషన్లే సార్" అన్నాడు వీరభద్రం. అడగ్గానే సాక్షి సంతకమూ పెట్టాడు.

జంపక్క బిడ్డ అర్జీ అక్కడికక్కడే కొట్టేశారు.

సాయంత్రం వీరభద్రం మిషన్ల కోసం బండి తోలుకొచ్చాడు. గుడిసెలో మిషన్ చప్పుడవుతోంది. జంపక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఏం మిషన్లన్నా? నాయేనని సర్కారు ముంగట నువ్వే చెప్తివి గద. కాదంటే పోయి గిర్దావర్‌కు చెప్పుకో."

వీరభద్రం ఆ చిరిగిన బనీనుతోనే బండి వెనక్కి తిప్పబోయాడు.

"గా బనీను ఇడ్సి ఇటియ్యి, నా బిడ్డ కుట్టిపెడ్తది. ఊకెనే కాదు, పైసలియ్యాలె. దాని కాలేజీ ఫీజు కట్టాలె."