రెండుసార్లు చెప్పే మనిషి

"సార్, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాంక మీ కరెంటు నెట్టు బంద్ పెట్టుండ్రి. మళ్ళ చెప్తున్న, ఏడు నుంచి ఎనిమిది."

గుమ్మంలో నిలబడ్డ ఇస్సాకును చూసి శ్రీహరిరావుకు నవ్వొచ్చింది. వెంటనే విసుగూ వచ్చింది.

ఉప్పుగూడలోని ఆ అపార్టుమెంటుకు శ్రీహరిరావు సెక్రటరీ. కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్ ఇస్తామని ఎవరో కొత్త కంపెనీవాళ్లు వస్తే, పేటలో అందరికంటే ముందు తన బిల్డింగుకే పెట్టించాడు. ప్లగ్గులో చిన్న డబ్బా గుచ్చితే చాలు, కంప్యూటర్లోకి నెట్టు వచ్చేస్తుంది. ఆ ఘనత చెప్పుకోనిదే ఆయనకు పొద్దుపోయేది కాదు.

ఇస్సాకు రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మేడమీద ఒంటిగదిలో అద్దెకు దిగి ఏడాదైనా కాలేదు. భార్య కాశమ్మ, ఒక రేడియో, దానికోసం డాబా ఈ చివర నుంచి ఆ చివరకు కట్టిన రాగితీగ. అదీ ఆయన సంసారం. ఆ రేడియోలో వినడమే కాదు, మాట్లాడతాడు కూడా. దానికి సర్కారు లైసెన్సు ఉంది.

"మా నెట్టుకూ మీ రేడియోకూ ఏమిటండీ సంబంధం?"

"కరెంటు తీగలన్ని చప్పుడు కక్కుతున్నయి సార్. రేడియో పెడితె ఒకటే బుర్రుమంటది. అవతలి మనిషి మాట వినవడ్తలేదు."

"అంత కొంపలు మునిగే మాటలేమిటో?"

"కబుర్లు మోస్తం సార్. ఫోన్లు పడిపోయిన ఊర్లకెళ్లి రేడియోల కబురు తెస్తం. రోజూ గా గంటసేపు అందరం ఒకలనొకలు పిలుచుకుంటం. రోజూ పలికితెనే ఆపద నాడు పలుకుతది."

"ఇంతవరకూ ఎవరి కబుర్లు మోశారేమిటి?"

"గది చెప్పుకోం సార్. మోసినోడు చెప్పుకోవద్దు, గది మా కాయిదా. మళ్ళ చెప్తున్న, చెప్పుకోం."

ఏ మాటైనా రెండుసార్లు చెప్పందే ఊరుకోడు. బిల్డింగులో పిల్లలు ఆయన్ని 'మళ్ళచెప్తున్న' అనే పిలుచుకునేవారు. పెద్దవాళ్లు చాటుగా నవ్వుకునేవారు.

ఆ ఆదివారం శ్రీహరిరావు ఇంట్లోనే మీటింగు పెట్టారు. ఆయన తల్లి నాగమణమ్మ కుర్చీలో కూర్చుని అందరినీ చూస్తోంది.

"ఇస్సాకన్నా, గా తీగె తీసెయ్. పిడుగు పడితె ఎవని జిమ్మేదారి?" అన్నాడు కింది వాటా రామ్‌చందర్.

"తీగె నాకోసం కాదన్నా. రేపు తుఫాను గిట్ల వస్తె..."

"తుఫాను సంగతి మీరు నాకు చెప్పకండి." శ్రీహరిరావు గొంతు పెంచాడు. "తొంభై ఆరులో మా అమ్మ కోనసీమలో చిక్కుకుపోయింది. ఊరికి ఫోన్లు లేవు, దారి లేదు. పోయిందనే అనుకున్నాం. నా ఆఫీసుకు ఎవరో మహానుభావుడు ఫోన్ చేసి, అమ్మ బతికే ఉందని చెప్పాడు. ఎక్కడ, ఎలా ఉందో ఆ వివరాలు వద్దు లెండి, అమ్మ బాధపడుతుంది. పేరడిగేలోపు పెట్టేశాడు. ఎవరో పెద్ద ఆఫీసరై ఉంటాడు. ఇన్నేళ్లుగా వాకబు చేస్తున్నాను, కనిపిస్తే కాళ్లకు దణ్ణం పెడదామని. ఆపదలో అక్కరకొచ్చేది అలాంటివాళ్లండీ, డాబామీద తీగలు కాదు."

ఇస్సాకు కుర్చీలో ఉన్న ముసలావిడ వైపు చాలాసేపు చూశాడు.

"గా అమ్మ ఈమెనేనా సార్?"

"ఈవిడే."

"మంచిగైంది సార్. మళ్ళ చెప్తున్న, మంచిగైంది."

అందరూ ఘొల్లున నవ్వారు. శ్రీహరిరావు కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఇస్సాకు తన చేత్తోనే తీగ విప్పి, చుట్టచుట్టి మెట్లకింద పెట్టాడు. తర్వాత కొన్నాళ్లకే గది ఖాళీచేసి బార్కస్ వైపు వెళ్లిపోయాడు.

ఆ కరెంటు నెట్టు మూన్నాళ్ల ముచ్చటే అయింది. కంపెనీ చేతులెత్తేసింది. శ్రీహరిరావు ఇంట్లో డబ్బా అటకెక్కింది.

వానలు వెలిశాక ఒకరోజు కాశమ్మ ఒక్కతే వచ్చింది.

"మెట్లకింద తీగె ఉంటె ఇయ్యి సారూ. ఆయన దోస్తులు అడుగుతున్నరు."

"ఆయన రాలేదేమమ్మా?"

"పోయిండు సారూ. మొన్నటి వానల్ల."

శ్రీహరిరావు మెట్లకింద నుంచి తీగచుట్ట తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"అక్కడ మళ్లీ తీగ కట్టుకున్నాడా?"

"గాడ డాబా యాడిది? ఏడు గాంగనె ఉత్త రేడియో ముందల కూసుంటుండె."

ఆయన మనసు చివుక్కుమంది. గంటసేపు ఆ డబ్బా పీకి ఉంటే తన సొమ్మేం పోయేది? ఆ బాధ కప్పుకోవడానికి ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"ప్రతిమాటా రెండుసార్లు ఎందుకు చెప్పేవాడమ్మా?"

"రేడియో చప్పుడుల సగం మాట కొట్కపోతది సారూ. అవతల ఇంటోళ్లు పానం అరచేతుల పెట్టుకోని ఉంటరు, ఒక్కపారి చెప్తె ఎట్ల అంటుండె. గదే అలవాటైంది."

తీగచుట్ట భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగింది కాశమ్మ.

"బడి డాబా మీద తడిచీరతోని కూసున్న మీ అమ్మ మంచిగున్నదా సారూ? పోయే ముందల గూడ అడిగిండు. రెండుపార్లు అడిగిండు."

అమ్మ చిన్నబుచ్చుకుంటుందని బడి డాబా సంగతి శ్రీహరిరావు ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మాట తొలిసారి ఆయన చెవిన వేసింది, దణ్ణం పెట్టడానికి ఇన్నేళ్లుగా ఆయన వెతుకుతున్న ఆ ఫోను మనిషి ఒక్కడే.