కళ్లు తెరిచేసరికి

మే ముప్పయ్యో తేదీ సాయంత్రం దర్జీ తిన్నది పాలలో నానబెట్టిన రెండు బ్రెడ్డు ముక్కలు. అవీ సగమే.

తెల్లారితే కడుపు ఆపరేషను.

ఆయన మంచం దిగి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ ప్రయాణం?" అంది నర్సు.

"ఇంటికి. కుట్టాల్సిన చొక్కాలున్నాయి."

"కడుపులో గడ్డ పెట్టుకునా? ఇంకో వారం ఆగితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరుగారు చెప్పలేదూ?"

దర్జీ మంచం అంచున కూలబడ్డాడు.

"మా ఆవిడ కూడా నవ్వుతూ నడిచి వెళ్లిందమ్మా లోపలికి. చిన్న ఆపరేషనే అన్నారు. మత్తిచ్చారు. మళ్లీ కళ్లు తెరవలేదు."

నర్సు వంగి ఆయన చెప్పులు విప్పి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"పిల్లలెవరూ లేరా?"

"ఎవరూ లేరు. చావంటే భయం కాదు నాకు. కళ్లు తెరిచేసరికి తెలిసిన మొహం ఒక్కటీ లేకపోతే... బతికానో లేదో ఎలా తెలుస్తుంది?"

"నా మొహం తెలుసుగా?"

"వచ్చిన దగ్గర్నుంచీ సూదులు పొడుస్తున్నావు, తెలీకేం!"

"అయితే మీరు కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేనుంటాను. సరేనా?"

"మాట తప్పవుగా?"

"తప్పను. పడుకోండి."

దర్జీ పడుకున్నాడు.

తీరా చూస్తే మర్నాడు ఆపరేషనే జరగలేదు. ఎక్కడో బస్సు బోల్తాపడి, దెబ్బలు తగిలినవాళ్లతో ఆసుపత్రి నిండిపోయింది.

"మీకు రేపు చేస్తారట," అంది నర్సు.

దర్జీ లేచి కూర్చున్నాడు.

"రేపూ నువ్వుంటావుగా?"

ఆమె నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"ఉంటాను."

ఒకటో తేదీ మధ్యాహ్నం దర్జీ కళ్లు తెరిచాడు. మసక మసగ్గా ఒక దీపం. దీపం పక్కన ఒక మొహం.

"నేనేనండీ. అంతా బాగా జరిగింది," అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

దర్జీ కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆమె రుమాలుతో తుడిచింది.

వార్డుకి తెచ్చాక పూర్తిగా తెలివొచ్చింది. జీవితమంతా యూనిఫారాలు కుట్టినవాడు కదా, ముందు ఆమె బట్టల మీదికే పోయింది చూపు.

"ఇదేం వేషం? డ్యూటీలో ఈ పూలపూల బట్టలేమిటి?"

ఆమె నవ్వి ఊరుకుంది.

"సరే, ఆ సెలైను అయిపోవచ్చింది. మార్చు."

"నేను ముట్టుకోకూడదండీ. ఉండండి, పిలుస్తాను."

"పోనీ, ఒక గుక్క నీళ్లు."

"వాళ్లని అడిగి ఇస్తాను."

దర్జీకి ఒళ్లు మండింది. మాటలు తియ్యగా చెప్పడమే గానీ పని దగ్గరికొచ్చేసరికి తప్పుకుంటుందన్నమాట!

"జీతం తీసుకునేది స్టూలు మీద కూర్చోడానికా?"

"కుట్లు మానాక తిడుదురుగానీ లెండి. ఇప్పుడు నొప్పెడుతుంది."

ఆమె వెళ్లి అడిగొచ్చి, తడి దూదితో ఆయన పెదాలు అద్దింది. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

సాయంత్రం, చూడవచ్చినవాళ్లు వెళ్లిపోవాలని గంట మోగింది. ఆమె దుప్పటి సర్ది, వాళ్లతోపాటే వెళ్లిపోయింది.

చీకటి పడ్డాక కుర్ర నర్సు వచ్చింది.

"అమ్మాయ్, ఆ పెద్ద నర్సు మీద నేను పైవాళ్లకి చెప్పుకోవాలి. పగలంతా ఒక్క పని ముట్టుకుంటే ఒట్టు."

"ఆవిడెలా ముట్టుకుంటారు తాతగారూ? నిన్న సాయంత్రంతో రిటైరైపోయారుగా!"

దర్జీ చటుక్కున తల తిప్పి ఆ పిల్ల వైపు చూశాడు.

"నిన్న రాత్రి బండికే కూతురి ఊరెళ్లిపోవాల్సింది. టికెట్టు ఇవాళ్టికి మార్చుకున్నారు."

"ఒక్కసారి పిలుస్తావా తల్లీ? ఒక్క మాట చెప్పాలి."

"ఈపాటికి బండెక్కేసి ఉంటారు. ఇంక ఇటు రారు."

కుర్ర నర్సు దీపం తగ్గించింది.

"ఆపరేషను గది దగ్గరికి సొంతవాళ్లని తప్ప రానివ్వరు కదమ్మా," అన్నాడు దర్జీ. "నర్సు కానప్పుడు ఎలా రానిచ్చారు?"

"కొత్త కాపలావాడు అడ్డుకుంటే ఆవిడ, 'లోపలున్నది మా అన్నయ్య, నేను తప్ప ఆయనకెవరూ లేరు' అన్నారట," అని చెప్పి, ఆ పిల్ల చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.