రొట్టెకెవరి పేరు

"తిజెల్లా అని రాశావంటే నీ కుంచె విరగ్గొడతాను!"

గ్వెర్రినో అరుపుకి నిచ్చెన మీదున్న పెయింటర్ వైనెర్ చెయ్యి ఆగిపోయింది. కింద నిలబడ్డ నీవెస్ మాత్రం చలించలేదు. రేపే ఆమె రొట్టెల కొట్టు తెరుస్తోంది. బోర్డు మీద రొట్టె పేరు ఇంకా తేలలేదు.

"మోదెనాలో అందరూ అలాగే అంటున్నారు నాన్నా."

"పట్నం వాళ్లకేం తెలుసు! రొట్టె పేరు క్రెషెంతీనా. పొంగుతుంది కాబట్టి ఆ పేరు. తిజెల్లా అంటే నేను చేసే మట్టి బిళ్ళ. దాన్ని నిప్పుల్లో కాల్చి, రెండు బిళ్ళల మధ్య పిండి పెడతాం. అంతవరకే దాని పని. రొట్టెకి బిళ్ళ పేరేమిటి, చోద్యం కాకపోతే! అలా రాస్తే రేపు నేనీ గడప తొక్కను."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. నీవెస్ గొంతు తగ్గించింది.

"నువ్వు రాకపోతే కొట్టు తలుపే తియ్యను. ఒక్క మాట చెప్పు. నిప్పుల్లో కూర్చునేది పిండా, బిళ్ళా?"

"బిళ్ళే."

"పిండి మాడకుండా చెస్ట్‌నట్ ఆకు అడ్డం పెట్టుకుని, ఆ వేడంతా తను మింగి, కాస్త కాస్తే అందించేదెవరు? రొట్టె మీద ఆ పువ్వు అచ్చు ఎవరిది?"

"బిళ్ళదేలే. అయినా మట్టి మట్టే. పిండి పుట్టుక పిండిది, దాని పేరు దానికుండాలి. మధ్యలో వచ్చినవాళ్లు తమ పేరు తగిలించకూడదు."

"బిళ్ళ తగిలించలేదు నాన్నా. రొట్టే కావాలని తీసుకుంది."

వైనెర్ పకపకా నవ్వాడు. "మొండితనంలో తండ్రికి తగ్గ కూతురే! త్వరగా తేల్చండి, కాళ్లు లాగేస్తున్నాయి."

గ్వెర్రినో మూతి ముడుచుకున్నాడు. ఎన్ని వేల బిళ్ళలు చేశాడో, ఒక్కదాని మీదా తన పేరు చెక్కుకోలేదు. పువ్వు చెక్కి ఊరుకునేవాడు.

"నీ కొట్టు, నీ ఇష్టం. కానియ్యి."

తిజెల్లా అని ఎర్రరంగులో పడింది.

"కింద నీ పేరెలా రాయమంటావు?" అడిగాడు వైనెర్.

"నీవెస్ లెంజీని."

వైనెర్ ఒకసారి గ్వెర్రినో వంక చూసి రాశాడు. ఆమె ఇదివరకెన్నడూ పెట్టుకోని తన ఇంటిపేరుని గ్వెర్రినో కూడబలుక్కుంటూ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆనందంలో ఏం చెయ్యాలో తోచక, తను తెచ్చిన బిళ్ళల బుట్ట ఎత్తుకుని గడప దాటి లోపలికి నడిచాడు.

"జాగ్రత్త నాన్నా, బరువు!"

"నాకు చెప్పొచ్చావులే!" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

గ్వెర్రినోకి పిల్లలు పుట్టలేదు.