దొంగ మెయిల్

సార్ విసిరిన కప్పు నా టేబుల్ అంచుకు తగిలి ముక్కలైంది.

"ఎవడో దొంగ వెధవ నా పేరుతో మెయిల్ పెడితే సర్వర్ పాస్‌వర్డ్ పంపేస్తావా? బుద్ధి గడ్డి తిందా?"

పొద్దుటినుంచి ఆఫీసులో ఏ కంప్యూటర్‌లోనూ ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. కస్టమర్ల వివరాలన్నీ దొంగల పాలయ్యాయి. నాకూ ఒళ్లు మండిపోతోంది, దొంగ మీద మాత్రం కాదు.

"పంపే ముందు నన్నొక మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"పోయిన నెల మీ మెయిల్ వచ్చినప్పుడు అలాగే అడిగాను సార్. 'చెప్పింది చెయ్యి, ఎదురు ప్రశ్నలు వేశావంటే ఉద్యోగం ఊడుతుంది' అని అందరి ముందూ కడిగేశారు."

"అది నిజంగా నేను పంపిన మెయిల్! అసలుకీ నకిలీకీ తేడా తెలియదా? ఏదీ, ఆ దొంగ మెయిల్ చూపించు!"

నా ఫోన్‌లో ఆ మెయిల్ తెరిచి ఆయన చేతికిచ్చాను. అందరికీ వినపడేలా చదివారు.

"తిండి దండగ మొహమా! పాస్‌వర్డ్ పంపడానికి ముహూర్తం పెట్టాలా? ఇప్పుడే రాకపోతే మూటాముల్లె సర్దుకో."

చదవడం అయ్యాక ఫోన్‌ను నా టేబుల్ మీదికి గిరాటేశారు.

"ఇది నేను పంపిందేలే. దొంగది చూపించమంటే వినపడదా?"