పొయ్యి మీద ఎయిర్ ఫ్రయర్

కరిన్ మొగుడి కళ్ళకు గంతలు కట్టి, వెనక ముడి బిగించింది.

"నొప్పిగా ఉందా?"

"ఉరితీసేవాళ్ళు కూడా ఇంత ప్రేమగా అడగరు," అన్నాడు ఆర్లెన్.

ఆమె నవ్వలేదు. ఆర్లెన్‌కు మిగిలిన చూపు తాళం కన్నంలోంచి తొంగిచూసినంత. అదీ పోతోంది. కిందటి నెల పొయ్యి దగ్గర వంటగుడ్డ తగలబెట్టాడు. ఆ రోజే కరిన్ వెళ్ళి సంరక్షణ గృహంలో అతని పేరు రాయించి వచ్చింది. ఇప్పుడక్కడ గది ఖాళీ అయింది. రేపు సంతకం పెట్టాలి. ఇవాళ మధ్యాహ్నం గంతలతో, ఎవరి సాయమూ లేకుండా వండి చూపిస్తే మాత్రం ఆలోచిస్తానంది.

"ఫోన్లో వంట పాఠాలు చెప్పేదీ ఆ టీచరమ్మే, పరీక్ష పెట్టేదీ ఆవిడే. పైగా నేను ఇంట్లో ఉండకూడదట!" కరిన్ కోటు తొడుక్కుంటూ గొణిగింది. "కళ్ళున్న మనిషి పక్కన నిలబడితే ఎవరైనా వండుతారు. ఆవిడ వెళ్ళిపోయాక?"

తలుపు మూసుకుంది. కారు చర్చి వైపు వెళ్ళిపోయింది.

కాసేపటికి టాక్సీ ఆగింది. మంచు పేరుకున్న మెట్ల మీద టక్ టక్ మని చప్పుడు. బూట్లకు పట్టిన మంచు దులుపుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

"మిసెస్ హాల్వర్‌సన్‌ని," అంది రెండు వారాలుగా ఫోన్లో వింటున్న గొంతు. మనిషి రావడం ఇదే మొదలు. ఆమె వెంట సరస్సు మీది చలిగాలి లోపలికొచ్చింది.

వంటింట్లోకి వచ్చి గట్టు పొడవునా గోరు రాస్తూ నడిచింది. ఒక్కో సొరుగూ తెరిచి మూసింది. కరిన్ ఉండి ఉంటే, దుమ్ము వెతకడానికి వచ్చావా అని అడిగేసేది.

"చిన్న తప్పులు చేస్తే చెప్పను. ఇల్లు అంటుకునేటట్టుంటే చెప్తాను. ఇక నేను లేననుకోండి," అంది.

కుర్చీ కిర్రుమంది. ఆమె చూపు తన వీపులో గుచ్చుకుంటున్నట్టే అనిపించింది ఆర్లెన్‌కు.

వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్ బుట్ట బయటికి లాగాడు. మాంసం అంటుకోకుండా అడుగున కాగితం పరిచాడు. బుట్ట మూశాడు. మీటల మీద అతికించిన రబ్బరు చుక్కలు వేలికి తగిలాయి. ముందు కాస్త వేడెక్కనిద్దామని ఒకటి నొక్కాడు. లోపల గాలి గిర్రున తిరిగింది.

"ఆపండి!"

ఉలిక్కిపడి ఆపాడు.

"ఖాళీ బుట్టలో కాగితం వేశారు. అది గాలికి లేచి, పైన ఎర్రగా కాలే తీగకు అంటుకుంటుంది. కాగితం మీద ఎప్పుడూ బరువుండాలి."

అంత దూరం నుంచి అదెలా పట్టేసింది! గద్దచూపు, అనుకున్నాడు.

ఈసారి వేడెక్కాకే కాగితం వేసి, దాని మీద కోడి ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చాడు. సగం ఉడికాక తిప్పడానికి మళ్ళీ బుట్ట లాగాడు. రంగు వచ్చిందో లేదో. ఒక్కసారి చూస్తే ఏం పోయింది? పొయ్యి మీదికి బాగా వంగి, బొటనవేలితో గంత అంచు పైకి నెట్టబోయాడు.

"గంత దించండి, ఆర్లెన్."

"మీకెన్ని కళ్ళండీ బాబూ?"

"అందరూ సరిగ్గా ఇక్కడే చేస్తారు ఆ పని. ముక్కలు తిప్పండి."

తిప్పాడు. బుట్ట మూశాడు. మళ్ళీ గాలి రొద. కమ్మటి వాసన లేచింది. దాని వెనకే ఇంకో వాసన. ప్లాస్టిక్ కాలుతున్న వాసన.

"ఏదో కాలుతోంది," అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి.

"ఏం కాలుతోంది? చెప్పండి మేడమ్!"

"రేపటినుంచి ఎవరు చెప్తారు?"

పొగ గొంతులో మండింది. చేయి గంత మీదికి వెళ్ళింది. తీస్తే క్షణంలో తెలిసిపోతుంది. తీస్తే రేపు కరిన్ సంతకం పెట్టేస్తుంది. ప్రభువా, చూపెందుకు తీసేసుకుంటున్నావని ఇవాళ అడగను. ముందు ఈ సంగతి చెప్పు.

తల వంచి వాసన పట్టాడు. పొగ బుట్టలోంచి కాదు, దాని కిందినుంచి. గట్టు మీద చోటు లేదని కరిన్ ఎయిర్ ఫ్రయర్‌ని కరెంటు పొయ్యి మీదే ఉంచుతుంది. ఆ వీధిలో సగం ఇళ్ళలో అంతే. పాత పొయ్యి. నాబ్ తగిలితే చాలు, తిరిగిపోతుంది. ఇందాక వంగినప్పుడు పొట్ట దేనికో రాసుకుంది.

పొయ్యి అంచు తడిమాడు. మొదటి నాబ్ సరిగ్గానే ఉంది. రెండోదాని మీద అప్పటికే ఇంకో చేయి ఉంది. మంచుగడ్డలా చల్లగా, కదలకుండా.

ఆ చేయి పక్కకు తప్పుకుంది. ఆర్లెన్ నాబ్ తిప్పి పొయ్యి ఆపాడు. ప్లగ్ పీకాడు. చేతులకు తొడుగులు వేసుకుని, గట్టు మీది రొట్టెల డబ్బా పక్కకు నెట్టి, ఎయిర్ ఫ్రయర్‌ని అక్కడికి మార్చాడు. వెనక వేడిగాలి పోవడానికి గోడకు జానెడు ఎడం వదిలాడు.

"నేను కనుక్కోలేకపోయుంటే?"

"నేనే ఆపేదాన్ని. మీరు ఓడిపోయేవారు."

మాట్లాడే థర్మామీటర్ గుచ్చితే మాంసం ఉడికిందని పలికింది. ఆర్లెన్ గంతలు విప్పకుండానే, ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకున్నారు.

"దేవుడు నాకెందుకిలా చేశాడంటారు?"

"నేనూ ఆయన్ని చాలా అడిగాను. ఇంకా చెప్పలేదు. ఉప్పు తక్కువైంది," అందామె.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. "ఏమిటీ కంపు? నేను చెప్పలేదూ!" కరిన్ బూట్లతోనే పరుగెత్తుకొచ్చింది. సగం కరిగిన ఎయిర్ ఫ్రయర్ కాళ్ళు చూసింది. "కళ్ళున్న మనిషి పక్కనుండగానే ఇంత పని చేశావు. రేపు ఎవరూ లేనప్పుడు..."

"వంట ఆయనే చేశారు. తప్పు చేసిందీ ఆయనే, దిద్దుకున్నదీ ఆయనే," అంటూ మిసెస్ హాల్వర్‌సన్ లేచి తలుపు వైపు నడిచింది.

కరిన్ నోట మాట రాలేదు. ఆ మౌనం ఆర్లెన్‌ను పొగకన్నా ఎక్కువ భయపెట్టింది.

"కరిన్? ఏమైంది? మాట్లాడవేం?"

కరిన్ మెల్లగా వెళ్ళి, తలుపు పక్క గోడను వేళ్ళతో తడుముకుంటున్న మిసెస్ హాల్వర్‌సన్ చేతికి, మూలన ఆనించి ఉన్న ఆమె తెల్లకర్రను అందించింది.